నమూనా రైలుబండి

సికింద్రాబాదునుండి వాడికి పోవు రైలుమార్గము 1874వ సంవత్సరములో తెరవబడినది. లింగంపల్లి, శంకరుపల్లి, వికారాబాదు స్టేషనులు ఆ మార్గములోనివే. దానికి ఉత్తరముగా హైదరాబాదునుండి ముంబయికి పోవు రహదారి కలదు. ఆ రహదారివెంట రామచంద్రాపురము మొదలుకొని పటాన్‌చెరు మీదుగా సంగారెడ్డివరకు కర్మాగారములు అనేకము ఉన్నవి. రామచంద్రాపురములో విద్యుదుత్పత్తికి కావలసిన పెద్ద యంత్రములు తయారగుచున్నవి. ఎద్దుమైలారములో 1984లో స్థాపింపబడిన కర్మాగారము సైన్యమునకు కవచవాహనములను నిర్మించుచున్నది. శంకరుపల్లికి చేరువనున్న కొండకల్ గ్రామమున 2023లో రైలుపెట్టెల కర్మాగారము ప్రారంభమైనది. ఈ పెద్ద కర్మాగారముల చెంతనే ఒకటి రెండు లేతుయంత్రములు పెట్టుకొని పనిచేయు చిన్న షెడ్డులును కలవు.

ఇట్టి ప్రదేశమున పెరుగు బాలబాలికలకు యంత్రములు క్రొత్తవి కావు. వారు వాటి చప్పుడు వినుచునే బడికి పోవుదురు. కాని చప్పుడు వినుట వేరు, యంత్రము ఎందుకు నడచుచున్నదో, ఎందుకు నిలిచిపోవుచున్నదో తెలిసికొనుట వేరు. ఆ రెండవదానిని నేర్పుటకు బల్లపై నడచు ఒక చిన్న రైలు చాలును.

బొమ్మరైలు, నమూనారైలు ఒకటి కావు. బొమ్మరైలు చూచుటకు రైలువలె నున్న చాలును. నమూనారైలునందు నిజమైన రైలులోని కొలతలన్నియు ఒకే నిష్పత్తిలో తగ్గింపబడి యుండవలెను. ఆ నిష్పత్తినే స్కేలు అందురు. జర్మనీ దేశములోని మార్క్లిన్ సంస్థవారు 1891లో బొమ్మరైళ్లకు నియతమైన పట్టాల వెడల్పులను ఏర్పరచిరి. ఇంగ్లండులో ఫ్రాంక్ హోర్న్‌బీ అనునతడు 1920లో తన పేరిట రైళ్లను అమ్మనారంభించెను. నేడు లోకమున మిక్కిలి వ్యాప్తిలో నున్న స్కేలు 1:87. దీనికి ‘హెచ్.ఓ.’ అని పేరు. అనగా నిజమైన రైలులో 87 మీటర్లున్నది నమూనాలో ఒక మీటరుండును. మన దేశమున పుణే నగరములోని జోషీగారి సూక్ష్మరైలు ప్రదర్శనశాల 1998లో ప్రారంభమైనది. అందు ఇట్టి రైళ్లు నడచుట సందర్శకులు చూడవచ్చును.

అంగడిలో కొన్న నమూనారైలు మొదట బాగుగనే నడచును. కొంతకాలమునకు దాని లోపములు బయటపడును. వాటిని సరిదిద్దుటయే ఈ విద్యలోని సారము. దీనిని ఒక దృష్టాంతముతో గ్రహింపవచ్చును.

సంగారెడ్డిలో ఎనిమిదవ తరగతి చదువు ఒక బాలునకు, వాడబడిన నమూనారైలు ఒకటి చౌకగా లభించినదనుకొనుడు. అందు ఒక డీసెలు ఇంజను, ఎనిమిది బొగ్గు వ్యాగనులు, గుండ్రముగా అమర్చుటకు పట్టాలు ఉన్నవి. బడిలో జరుగు విజ్ఞాన ప్రదర్శనములో దానిని నడిపింతునని అతడు ఉపాధ్యాయునికి మాట ఇచ్చెను. ఇంటికి వచ్చి నడిపి చూడగా ఇంజను నాలుగడుగులు పోయి నిలిచిపోయెను. వేలితో నెట్టిన మరల కదలెను. వ్యాగనులు మలుపువద్ద పట్టా తప్పి ప్రక్కకు ఒరిగెను. ప్రదర్శనమునకు ఇరువది దినములే గడువు. క్రొత్త ఇంజను కొనుటకు ఇంటివారికి శక్తి లేదు.

ఆ బాలుని మేనమామ పటాన్‌చెరులోని ఒక షెడ్డులో టర్నరు. ఆదివారమునాడు ఆయన ఇంటికి రాగా బాలుడు దిగులుతో ఇట్లనెను: “మామా, ఈ ఇంజను చెడిపోయినది.”

“చెడిపోయినదని ఎట్లు తెలిసినది బిడ్డా? చూచి చెప్పుచున్నావా, ఊహించి చెప్పుచున్నావా?”

“నడుమ నడుమ ఆగిపోవుచున్నది.”

“ఎక్కడ ఆగుచున్నది? ఎప్పుడును ఒకేచోటనా, ఎక్కడబడిన అక్కడనా?”

బాలునకు జవాబు తోచలేదు. మామ ఒక సుద్దముక్క ఇచ్చి, ఇంజను ఆగిన ప్రతిచోట బల్లపై గీత గీయుమనెను. ఇరువది చుట్లు తిప్పునప్పటికి గీతలు రెండు విధములుగా కనబడెను. ఒకచోట గీతలు గుంపుగా పడెను. తక్కినవి చెదరియుండెను.

“చూచితివా? ఒకేచోట ఆగినచో దోషము పట్టాలలో ఉండును. ఎక్కడబడిన అక్కడ ఆగినచో దోషము ఇంజనులో ఉండును. నీకు రెండు దోషములు ఉన్నవి. రెంటిని ఒక్కసారి పట్టుకొనకుము. ఒకసారి ఒక్కటే మార్పు చేయుము. చేసిన వెంటనే నడిపి చూడుము. చూచినది పుస్తకములో వ్రాసికొనుము. మా షెడ్డులోనైనను ఇదియే పద్ధతి” అని మామ చెప్పెను.

గీతలు గుంపుగా పడినచోట రెండు పట్టాలను కలుపు లోహపు అతుకు వదులై యుండెను. ఇట్టి రైలులో మోటారునకు కావలసిన విద్యుత్తు పట్టాలగుండనే వచ్చును. ఒక పట్టానుండి చక్రముద్వారా మోటారులోనికి ప్రవేశించి, రెండవ వైపు చక్రముద్వారా రెండవ పట్టాకు పోవును. అతుకు వదులైనచో ప్రవాహము తెగును. బాలుడు దానిని మెల్లగా నొక్కి బిగించెను. ఆచోట మరల గీత పడలేదు.

చెదరిన గీతల సంగతి అంత సులభము కాదు. బాలుడు మొదట పట్టాలను స్పిరిటుతో తడిపిన గుడ్డతో తుడిచెను. గరుకుకాగితముతో రుద్దబోగా మామ వారించెను. గరుకుకాగితము పట్టాపై సన్నని గీతలు చేయును. ఆ గీతలలో మురికి మరింత త్వరగా చేరును. పిమ్మట ఇంజను చక్రములను తుడువగా నల్లని జిడ్డు ఊడివచ్చెను. ఆగుట తగ్గెను గాని పూర్తిగా పోలేదు.

ఇచ్చట ఒక ప్రశ్న పుట్టును. నిజమైన రైలింజను ధూళికణమునకు ఆగదు గదా, చిన్న ఇంజను ఏల ఆగును? దీనికి సమాధానము గణితములో ఉన్నది. మన దేశమున ప్రసిద్ధి చెందిన డబ్ల్యు.డి.ఎమ్.-2 అను డీసెలు ఇంజనును తీసికొనుడు. ఈ తరగతి ఇంజనులు 1962లో అమెరికాలోని ఆల్కో సంస్థనుండి వచ్చినవి. 1964నుండి వారణాసిలో తయారైనవి. దాని పొడవు సుమారు 17 మీటర్లు, బరువు 112.8 టన్నులు. స్కేలు 1:87 అయినచో నమూనా పొడవు సుమారు 197 మిల్లీమీటర్లు. మరి బరువు? దానిని 87చే ఒకసారి భాగించిన చాలదు. పొడవు, వెడల్పు, ఎత్తు మూడును తగ్గినవి గనుక 87చే మూడుసార్లు భాగింపవలెను. అనగా 6,58,503చే భాగింపవలెను. వచ్చు ఫలము 171 గ్రాములు మాత్రమే. పెద్ద ఇంజను శక్తిని ఆపినను తన బరువుచేత చాల దూరము దొర్లిపోవును. చిన్న ఇంజనునకు ఆ ఊపు లేదు. రెప్పపాటు విద్యుత్తు తెగినను అది ఉన్నచోటనే నిలుచును.

కావున చిన్నయంత్రము పెద్దయంత్రమునకు కేవలము తగ్గింపు కాదు. దాని కష్టములు వేరు, వాటికి ఉపాయములును వేరు. ఈ సత్యమును గమనించుటవలననే లోకచరిత్రలో ఒక మహాకార్యము జరిగినది. 1763వ సంవత్సరపు శీతకాలములో గ్లాస్గో విశ్వవిద్యాలయమున పరికరములు బాగుచేయు జేమ్స్ వాట్ అను యువకునికి ఒక చిన్న ఆవిరియంత్రపు నమూనా అప్పగింపబడెను. అది న్యూకమెన్ నిర్మించిన పెద్ద యంత్రమునకు ప్రతిరూపము. గనులలో నీరు తోడు పెద్ద యంత్రములు పనిచేయుచునే యుండెను. నమూనా మాత్రము కొన్ని మారులు కదలి నిలిచిపోవుచుండెను. వాట్ దానిని బాగుచేసి ఊరకుండవచ్చును. కాని అతడు ఎందుకని అడిగెను. చిన్న సిలిండరులో లోపలి ఘనపరిమాణముతో పోల్చగా గోడల వైశాల్యము హెచ్చు. అందుచే ప్రతిసారియు చల్లబడిన గోడలను వేడిచేయుటకే ఆవిరిలో అధికభాగము వ్యర్థమగుచుండెను. పెద్ద యంత్రములోను ఇదే నష్టము కలదు. కాని అందు అది అంత స్పష్టముగా కనబడలేదు. ఆవిరిని వేరొక పాత్రలో చల్లబరచిన సిలిండరు ఎల్లప్పుడు వేడిగనే యుండునని వాట్ 1765లో కనిపెట్టెను. 1769లో ఆ నూతనకల్పనకు హక్కు పొందెను. ఒక నమూనా ఆగిపోవుటయే ఆవిరియంత్రము బాగుపడుటకు కారణమయ్యెను.

మన బాలుడు అట్టి ఘనకార్యము చేయలేదు. కాని అతడును ఎందుకని అడిగెను. ఇంజనును తలక్రిందుగా పట్టుకొని చూడగా, పన్నెండు చక్రములలో నాలుగు మాత్రమే విద్యుత్తును గ్రహించుచున్నట్లు కనబడెను. ఆ నాలుగింటిలో ఒక వైపువి ధూళిపై ఎక్కినచో ప్రవాహము తెగును. మామ సన్నని కంచురేకును కత్తిరించి ఇచ్చెను. తక్కిన చక్రముల వెనుక ఆ రేకులు మెల్లగా తాకునట్లు అమర్చి, మామ దగ్గరనుండి చూచుచుండగా బాలుడు తీగెలకు టంకము పెట్టెను. ఇప్పుడు పన్నెండు చక్రములు విద్యుత్తును గ్రహించెను. తరువాత మామ తన షెడ్డులో లేతుపై ఇత్తడికడ్డీని త్రిప్పి గుండీయంత చక్రమొకటి చేసి, మోటారు ఇరుసునకు బిగించెను. అది మోటారుతోపాటు వేగముగా తిరిగి ఊపును నిలువచేయును. విద్యుత్తు క్షణకాలము తెగినను ఆ ఊపే ఇంజనును ముందునకు నడుపును. అది ఏమాత్రము వంకరగా నున్నను ఇంజను వణకును గనుక దానిని మిక్కిలి నేర్పుతో చేయవలెను.

పంటిచక్రములకు నూనె వేయుటలోను బాలుడొక తప్పు చేసెను. ఎక్కువ వేసిన ఎక్కువ మేలని తలచి ధారగా పోసెను. నూనె చక్రములపైకి జారి పట్టాలను జిడ్డు చేసెను. ఆ సాయంకాలమంతయు తుడుచుటకే సరిపోయెను. సూదిమొనతో ఒక్క చుక్క చాలునని ఆనాడు అతనికి తెలిసెను.

ఇక వ్యాగనుల సంగతి. ఇచ్చటను మామ ప్రశ్న అట్టిదే. “అన్ని వ్యాగనులును ఒకేచోట పట్టా తప్పుచున్నవా, ఒకే వ్యాగను అన్నిచోటుల తప్పుచున్నదా?” చూడగా మలుపులో నడిమి వ్యాగనులు లోపలివైపునకు ఒరుగుచుండెను. వాటిలో ఒకటి మాత్రము తిన్నని పట్టాలపైనను తప్పుచుండెను.

మన దేశపు బ్రాడుగేజి మార్గములలో మిక్కిలి వంపైన మలుపునకైనను వ్యాసార్ధము 175 మీటర్లుండవలెను. దానిని 87చే భాగించిన రెండు మీటర్లు వచ్చును. ఆ లెక్కన చుట్టు మార్గము వేయుటకు నాలుగు మీటర్ల బల్ల కావలెను. ఇండ్లలో అంత చోటు లేదు గనుక అంగడిలో అమ్ము మలుపుల వ్యాసార్ధము సుమారు 44 సెంటీమీటర్లే యుండును. నిజమైన రైలులో అది 38 మీటర్ల మలుపుతో సమానము. ఇట్టి మలుపులో ఇంజను ముందునకు లాగుచుండగా వెనుకనున్న బండ్ల భారము పట్టి నిలుపును. ఆ రెండింటి నడుమనున్న తేలిక వ్యాగను లోపలికి ఒరిగిపోవును.

దీనికి మందు బరువు. ‘బాక్స్-ఎన్’ అను బొగ్గు వ్యాగను ఖాళీగా నున్నపుడు 22.47 టన్నులు తూగును. స్కేలు ప్రకారము నమూనా 34 గ్రాములుండవలెను. అంత తేలిక వ్యాగను పట్టాలపై నిలువదు. అమెరికాలో 1935లో స్థాపింపబడిన నమూనారైళ్ల జాతీయసంఘమువారు ఈ స్కేలునకు ఒక సూత్రము ఏర్పరచిరి. మొదట 28 గ్రాములు, ఆపైన పొడవులో ప్రతి సెంటీమీటరునకు సుమారు 5.6 గ్రాములు. పన్నెండు సెంటీమీటర్లకు పైగా నున్న ఈ వ్యాగనునకు సుమారు 97 గ్రాములు వచ్చును. ఇచ్చట స్కేలును అక్షరాల పాటించిన రైలు పడిపోవును. అనుభవమును పాటించిన రైలు నడచును.

బాలుడు వ్యాగనులను తూచి, ఇనుప నట్టులను అడుగున అంటించి, అన్నింటి బరువు సమానము చేసెను. బరువును పైన పెట్టక క్రిందనే పెట్టెను. పైబరువు బండి త్వరగా బోర్లపడును గదా. కొందరు ఇందుకు సీసము వాడుదురు. సీసము విషపదార్థము గనుక పిల్లలు దానిని వాడరాదు. అయినను బరువు మితముగా నుండవలెను. బండ్లు మరీ బరువైన ఇంజను లాగలేదు. ఇంజనుకే మరీ బరువెక్కించిన చక్రములు జారక మోటారు వేడెక్కి కాలిపోవును. భారము మించినపుడు ముందుగా చక్రములు జారవలెను గాని మోటారు నిలిచిపోరాదు.

తిన్నని పట్టాలపైన తప్పు వ్యాగనును మామ అద్దపుపలకపై నిలిపెను. ఎనిమిది చక్రములలో ఒకటి గాలిలో తేలుచుండెను. నాలుగుకాళ్ల పీట నేల హెచ్చుతగ్గులుగా నున్నచోట ఊగును. ముక్కాలిపీట ఎచ్చటనైనను కుదురుగా నిలుచును. అందుచే వ్యాగను క్రింది రెండు బోగీలలో ఒకదాని మరను కొంచెము బిగించి, రెండవదానిని వదులుగా విడిచిరి. వదులుగా నున్నది పట్టాను బట్టి అటునిటు ఒరుగును. అప్పుడు బండి ముక్కాలిపీటవలె కుదురుకొనును. ఒక ఇరుసుపై రెండు చక్రముల నడుమ దూరము తక్కువగా నుండుటయు కనబడెను. అది ఇంచుమించు 14.4 మిల్లీమీటర్లు ఉండవలెను. మామ కొలకర్రతో కొలిచి సరిచేసెను.

ఇరువది దినములలో పదునారు గడిచెను. రైలు ఆగక నడచుచుండెను. అప్పుడు బాలునకు మరియొక కోరిక కలిగెను. ఆ ఇంజను విదేశపు రూపముగలది. దానిని మన ఇంజనుగా మార్చవలెనని అతడు తలచెను. అమెరికా ఇంజనులకు ప్రక్కలందు బఫర్లు లేవు, మనవాటికి కలవు. బాలుడు లింగంపల్లి స్టేషనులో ప్లాట్‌ఫారముపై నిలిచి వచ్చిపోవు ఇంజనులను చూచి బొమ్మలు గీసికొనెను. పట్టాలపైకి దిగలేదు. అట్లు దిగుట నేరమే గాక ప్రాణాపాయము. ప్లాస్టిక్ రేకుతో బఫర్లను, సన్నని ఇత్తడితీగెతో చేపట్టుకమ్ములను చేసి అంటించి, రంగు వేసెను.

“మామా, ఇప్పుడిది అచ్చముగా మన ఇంజను గదా!” అని బాలుడు సంతోషముతో అడిగెను.

మామ పట్టాల వెడల్పు కొలిచి చూపెను. అది 16.5 మిల్లీమీటర్లు. విదేశములలో ప్రామాణికమైన 1435 మిల్లీమీటర్ల మార్గమును 87చే భాగించిన ఇంతే వచ్చును. మన బ్రాడుగేజి 1676 మిల్లీమీటర్లు. దానిని భాగించిన 19.26 రావలెను. “నీ ఇంజను మనదే గాని, ఇరుకు బాటపై నడచుచున్నది” అని మామ నవ్వెను.

బాలుని ముఖము చిన్నబోయెను. ఇరుసులను పొడిగింపవచ్చును. కాని ఇంజనునకు, ఎనిమిది వ్యాగనులకు ఇరుసులన్నియు మార్చి, పట్టాలన్నియు క్రొత్తగా వేయవలెను. ఇంగ్లండులోని నమూనాకారులకును ఇట్టి చిక్కే కలదు. అచ్చటి స్కేలునకు 18.83 మిల్లీమీటర్లు ఉండవలసిన పట్టాలు 16.5 గనే అమ్మబడుచున్నవి. కొందరు ఓర్పుతో చక్రములన్నియు మార్చి 18.83 సాధింతురు. పెక్కుమంది ఉన్నదానితో తృప్తిపడుదురు. ఉన్నది నాలుగు దినములే. బాలుడు ఆలోచించి, పట్టాలను అట్లే ఉంచెను. కాని ఒక అట్టపై ఇట్లు వ్రాసి బల్లపై పెట్టెను: “ఈ పట్టాలు ఉండవలసిన వెడల్పుకంటె 2.76 మిల్లీమీటర్లు తక్కువ.”

ప్రదర్శనమునాడు రైలు వేగముగా పరుగెత్తవలెనని తోటివారు కేకలు వేసిరి. గంటకు 100 కిలోమీటర్ల వేగము ఈ స్కేలులో సెకనుకు 32 సెంటీమీటర్లు మాత్రమేనని బాలుడు చెప్పి, ఆ వేగముతోనే నడిపెను. ఎనిమిది వ్యాగనులతో ఇంజను మలుపు తిరిగి, ఆగక, ఒరగక వచ్చెను. ఉపాధ్యాయుడు రైలును చూచిన పిమ్మట ఆ అట్టను రెండుమారులు చదివెను. తరువాత బాలుని పుస్తకమును అడిగి తీసికొనెను. అందు ఏ దినమున ఏ మార్పు చేసినది, దాని ఫలమేమి, ఏ మార్పు విఫలమైనది వరుసగా వ్రాయబడి యుండెను. నూనె ధారగా పోసిన సంగతియు అందున్నది.

నేడు నమూనారైళ్ల విద్య ఎంతో పెరిగినది. 1990ల దశకమునుండి ఒక్కొక్క ఇంజనులో చిన్న ఎలక్ట్రానిక్ పరికరమును అమర్చి, ఒకే పట్టాపై అనేకములైన ఇంజనులను వేర్వేరుగా నడుపుచున్నారు. ఇంజను పైకప్పులను కంప్యూటరుపై గీసి, త్రీడీ ముద్రణయంత్రములతో తయారుచేయుచున్నారు. సాధనములు మారినను పని మారలేదు. దోషమెచ్చట నున్నదో ముందుగా వెదకవలెను. ఒకసారి ఒక్కటే మార్పు చేయవలెను. కొలువవలెను. సరిచేయలేని దానిని దాచక చెప్పవలెను. పటాన్‌చెరు షెడ్డులో లేతువద్ద నిలిచిన టర్నరు చేయునదియు, గ్లాస్గోలో వాట్ చేసినదియు, బల్లయొద్ద కూర్చున్న బాలుడు చేసినదియు ఇదియే.

ప్రశ్నలు

1. బొమ్మరైలునకు, నమూనారైలునకు గల భేదమేమి?
2. బల్లపై సుద్దగీతలు గీయుటవలన బాలుడు ఏమి తెలిసికొనెను?
3. చిన్న ఇంజను ధూళికణమునకు ఆగిపోవుటకు కారణమేమి? లెక్కతో వివరింపుడు.
4. జేమ్స్ వాట్ కథకును, ఈ బాలుని కథకును గల పోలికను మీ మాటలలో వ్రాయుడు.
5. బాలుడు బల్లపై ఆ అట్టను పెట్టకున్నచో రైలు నడకలో భేదముండెడిదా? మరి అతడు దానిని ఏల పెట్టెను?